మగ్గం మనది, అట్టలు ఎవరివి?

ఆదోనిలో పత్తి సీజను మొదలైతే మార్కెట్ యార్డు దారి అంచులన్నీ తెల్లబడతాయి. ట్రాక్టర్ల మీంచి, బొలేరోల మీంచి రాలిన దూది చెప్పులకు అంటుకుని టీ బంకుల దాకా వస్తుంది. అలాంటి ఒక పొద్దున, బంకు బల్ల మీద కూర్చుని ఉంటే, వరసకు మామ అయ్యే పెద్దాయన ఒకాయన తన ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. బటన్ల ఫోను. వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంది.

"దీంట్లో ఆ కపాస్ కిసాన్ ఎక్కించప్పా" అన్నాడు.

2025 సీజను నుంచి కాటన్ కార్పొరేషన్, అంటే మన సీసీఐ, మద్దతు ధరకు పత్తి అమ్మదలచిన రైతు ఆ పేరు గల ఆప్‌లో నమోదై, స్లాటు తీసుకుని రావాలని పెట్టింది. ఆప్ లేకపోతే స్లాటు లేదు, స్లాటు లేకపోతే కాటా లేదు.

"ఇందులో ఎక్కదు మామా."

"ఎందుకెక్కదు? మాట్లాడతాది, పాటలు పాడతాది, లైటు ఏస్తాది, ఫోటో పడతాది. నీ ఫోను చేసేదాంట్లో ఇది చేయంది ఏముండాది?"

నీది బటన్ల ఫోను, నాది టచ్ ఫోను అనబోయి ఆగాను. అది జవాబు కాదని నాకే తెలుసు. ఆయన అడిగింది చాలా సరైన ప్రశ్న. పనుల జాబితా రాసుకుంటే రెండు ఫోన్లకూ పెద్ద తేడా కనపడదు. అయినా ఒకదాంట్లో ఆప్ ఎక్కుతుంది, ఇంకోదాంట్లో ఎక్కదు. ఎక్కడుంది తేడా? ఆ తేడా ఆదోనికి ముప్పై కిలోమీటర్ల లోపే ఉన్న ఎమ్మిగనూరు మగ్గాల మీద కూర్చుంటే తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడికి వెళ్ళేముందు, తేడా ఎక్కడ లేదో చూసుకుందాం.

అద్దంలో లేదు, కెమెరాలో లేదు

మన వైపు స్మార్ట్ ఫోనుకు వాడుక పేరు టచ్ ఫోను. అందుకే తెరను తాకితే పలకడమే దాని గొప్ప అనిపిస్తుంది. కానీ 2003లో వచ్చిన నోకియా 6600ని గుర్తు చేసుకోండి. గుండ్రటి అంచులతో బొద్దుగా ఉండేది. దాని తెర మీద ఎంత రుద్దినా ఏమీ జరగదు. నడిమధ్య చిన్న మీట, కింద బటన్లు, అంతే. అయినా స్నేహితుడు బ్లూటూత్‌లో పంపిన చిన్న ఫైలు ఒకటి నొక్కితే అందులో కొత్త ఆటో, నిఘంటువో వచ్చి కూర్చునేది. ఇటు చూస్తే, తెరను తాకితే పలికినా, కంపెనీ పెట్టినవి తప్ప ఒక్కటీ ఎక్కని చవక ఫోన్లూ మన బజార్లలో అమ్ముడుపోయాయి. కాబట్టి తేడా తెరలో లేదు. కెమెరా మామ ఫోనులోనూ ఉంది. ఇంటర్నెట్టు కొన్ని బటన్ల ఫోన్లలోనూ వస్తుంది.

పోనీ, ఒకదాంట్లో కంప్యూటరు ఉంది, ఇంకోదాంట్లో లేదందామా? అదీ కుదరదు. మామ ఫోనులోనూ కంప్యూటరు ఉంది. మీ గొంతును అంకెలుగా మార్చాలన్నా, చుట్టూ ఉన్న టవర్లలో దగ్గరిదాన్ని పట్టుకోవాలన్నా, బస్సు కదులుతుంటే మాట తెగకుండా ఒక టవరు నుంచి ఇంకో టవరుకు మారాలన్నా, క్షణానికి లక్షల లెక్కలు వేసే చిప్పు ఉండాల్సిందే. ఆ మాటకొస్తే యార్డులోని ఎలక్ట్రానిక్ కాటాలోనూ, ఇంటి కరెంటు మీటరులోనూ చిన్న కంప్యూటరు ఉంటుంది. కాటా తూకమే వేస్తుంది, మీటరు యూనిట్లే లెక్కపెడుతుంది. ఆ పని దానికి పుట్టుకతో వచ్చింది, పోయేదాకా అదే చేస్తుంది.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఇది: కొన్న తర్వాత దానికి కొత్త పని నేర్పగలమా?

ఎమ్మిగనూరు మగ్గం చెప్పే పాఠం

ఆదోని పత్తి ఊరైతే ఎమ్మిగనూరు బట్ట ఊరు. మాచాని సోమప్ప 1938లో ఇక్కడ చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నేతగాడికి నూలు ఇచ్చి, నేసిన బట్ట కొని, అప్పులిచ్చే షావుకారు చేతి కిందనుంచి తప్పించడం మన చేనేత సంఘాల అసలు ఉద్దేశం. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

సాదా మగ్గం చూడండి. నిలువునా సాగదీసిన పోగులు పడుగు. అడ్డంగా పోయేది పేక. నేతగాడు కాలితో చెక్క తొక్కితే పడుగులో సగం పోగులు పైకి లేస్తాయి, సగం కిందికి దిగుతాయి. మధ్యలో ఏర్పడిన సందులోంచి నాడె ఇటునుంచి అటు దూసుకుపోతుంది. రెండో చెక్క తొక్కితే లేచినవి దిగుతాయి, దిగినవి లేస్తాయి, నాడె వెనక్కి వస్తుంది. ఏ పోగు ఏ చెక్కకు కట్టాలో మగ్గం బిగించినప్పుడే తేలిపోయింది. వేరే నేత కావాలంటే పోగులన్నీ విప్పి మళ్ళీ కట్టుకోవాలి. మామ ఫోను ఇలాంటి మగ్గం. దాని పనులు ఫ్యాక్టరీలోనే ముడేసి పంపారు.

ఇప్పుడు మగ్గం మీద జాకార్డు పెట్టండి. ఎమ్మిగనూరు, గద్వాల, ధర్మవరం వైపు నేతగాళ్ళకు దీని సంగతి చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. మగ్గం నెత్తిన ఒక పెట్టె. దాని పక్కన దండలా కుట్టి వేలాడదీసిన అట్టలు. ఒక్కో అట్ట నిండా రంధ్రాలు, వరసగా కాదు, డిజైను ఎలా చెబితే అలా. నేతగాడు తొక్కినప్పుడల్లా ఒక అట్ట వచ్చి సన్నటి ఇనుప సూదుల వరసకు ఆనుకుంటుంది. రంధ్రం ఉన్నచోట సూది దూరిపోతుంది, దానికి తగిలించిన కొక్కెం తన చోటే ఉండి, పైకి లేచే పట్టీతో పాటు తన పోగును లేపుతుంది. రంధ్రం లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, కొక్కెం పట్టీ నుంచి తప్పుకుంటుంది, ఆ పోగు కిందనే ఉండిపోతుంది. రంధ్రం ఉంటే లేవడం, లేకుంటే లేవకపోవడం. ఒక అట్టకు ఒక పేక. అట్టల దండ ఒక చుట్టు తిరిగేసరికి అంచు మీద ఒక నెమలి పూర్తవుతుంది.

నెమలి బదులు మామిడిపిందె కావాలా? మగ్గం మార్చక్కర్లేదు. అట్టల దండ విప్పి వేరేది తగిలిస్తే చాలు.

ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జోసెఫ్ మేరీ జాకార్డు 1804లో ఈ యంత్రాన్ని నిలబెట్టాడు. 1839లో అతని బొమ్మనే పట్టు బట్ట మీద నేశారు. దానికి పట్టిన అట్టలు 24,000. అంత సన్నగా వచ్చిన ఆ బట్ట ముక్కను ఇంగ్లండులో చార్లెస్ బాబేజీ అనే గణితవేత్త సంపాదించి, ఇంటికి వచ్చినవాళ్ళకు చూపించి మురిసిపోయేవాడు. అంతకు ముందే అతనికి పుట్టిన ఆలోచన ఇది: అట్టలతో నెమలిని నేయగలిగితే లెక్కను ఎందుకు నేయలేం? 1837 నాటికే అట్టలతో నడిచే లెక్కల యంత్రానికి అతను రూపం గీసుకున్నాడు. 1843లో ఏడా లవ్‌లేస్ అనే గణితవేత్త దాని మీద వివరంగా రాస్తూ, జాకార్డు పూలు నేసినట్టే ఈ యంత్రం బీజగణితాన్ని నేస్తుందనే అర్థంలో పోల్చింది. ఆ యంత్రం బాబేజీ బతికుండగా పూర్తి కాలేదు. ఆలోచన మిగిలింది.

పని యంత్రంలో బిగించి ఉండకూడదు, విడిగా అట్టల మీద ఉండాలి. ఫోనులో ఆ అట్టల దండకే మనం ఆప్ అని పేరు పెట్టుకున్నాం.

"అయితే" అన్న మాట

జాకార్డు మగ్గం అట్టలు మార్చుకునే యంత్రమే గానీ ఇంకా కంప్యూటరు కాదు. ఎందుకంటే అది నేసేది తప్ప ఇంకోటి చేయదు. పైగా అది తను నేసినదాన్ని తిరిగి చూసుకోదు. పోగు తెగినా పట్టించుకోకుండా తర్వాతి అట్టకు పోతుంది. దానికి "అయితే" అన్న మాట తెలియదు.

ఆ మాట ఎంత పెద్దదో పత్తి యార్డులో తెలుస్తుంది. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అది 8 శాతం తేమకు చెప్పిన ధర. తేమ అంతకన్నా ఎక్కువైతే, ఎక్కువైన ప్రతి శాతానికీ ధరలో ఒక శాతం, అంటే 81 రూపాయల 10 పైసలు కోత. 12 శాతం దాటితే సీసీఐ కొనదు. ఈ నియమాన్ని యంత్రానికి చెప్పాలంటే ఇలా చెప్పాలి:

తేమ 12 దాటితే, "కొనరు" అని చూపు.
దాటకపోతే, 8 కన్నా ఎక్కువా అని చూడు. ఎక్కువైతే, ఎక్కువైన ప్రతి శాతానికీ 81.10 తీసెయ్.
అదీ కాకపోతే, 8,110 చూపు.

మామ పత్తిలో తేమ 11 అనుకుందాం. యంత్రం మొదటి వరస చూస్తుంది, 12 దాటలేదు. రెండో వరసకు పోతుంది, మూడు శాతం ఎక్కువ, 243 రూపాయల 30 పైసలు తీసేస్తుంది, 7,866 రూపాయల 70 పైసలు చూపిస్తుంది. పది క్వింటాళ్ళకు 78,667. మూడో వరస జోలికే పోదు. తేమ 13 అయితే మొదటి వరసలోనే ఆగిపోతుంది. అంటే, ముందున్న సంగతిని బట్టి ఏ అట్ట తీయాలో యంత్రమే తేల్చుకుంటోంది. బాబేజీ తన యంత్రానికి చేర్చిన కొత్తదనం ఇదే: లెక్క ఫలితాన్ని బట్టి అట్టలను ముందుకో వెనక్కో తిప్పుకోవడం.

1936లో ఇంగ్లండులోనే అలన్ ట్యూరింగ్ అనే ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడు ఇంకో మెట్టు ఎక్కాడు. గుర్తులు చదవడం, రాయడం, చూసిన గుర్తును బట్టి తర్వాతి పని ఎంచుకోవడం, ఈ కాసిని పనులు చేతనైన యంత్రం ఒక్కటుంటే చాలు, మిగతా ఏ లెక్కల యంత్రం పనైనా దానికి రాసి ఇచ్చి చేయించవచ్చని గణితంతో చూపించాడు. కంప్యూటరుకు సార్వత్రిక యంత్రమన్న గుణం అక్కడి నుంచి వచ్చింది. 1948 జూన్ 21న మాంచెస్టరులో ఒక చిన్న ప్రయోగ యంత్రం, చేయాల్సిన పనినీ, లెక్కలోని అంకెలనూ ఒకే జ్ఞాపకంలో పెట్టుకుని మొదటిసారి నడిచింది. అప్పటినుంచి అట్టలకు వేరే కొయ్య అక్కర్లేకపోయింది. అట్టలూ నూలూ ఒకే పెట్టెలో ఇమిడిపోయాయి.

మీ చేతిలోని ఫోను ఆ పెట్టెకు మునిమనవడు. పగటివేషగాడు పొద్దున శివుడు, మధ్యాహ్నం కోమటిశెట్టి, సాయంత్రం కోయదొర అయినట్టు, అది ఒక క్షణం కాటా లెక్క వేస్తుంది, ఇంకో క్షణం మంత్రాలయం దారి చూపిస్తుంది, మరో క్షణం గుంటూరు మిరప కోతలకు వెళ్ళిన అమ్మ ముఖం కోసిగిలోని పాపకు చూపిస్తుంది. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి నుంచి హాజరు ఫోను ఆప్‌లోనే ఎక్కించాలన్నారు కాబట్టి, మేటు చేతిలో అదే ఫోను మస్టరు పుస్తకం కూడా అయింది. ఆ ఫోను తయారుచేసినవాడికి మస్టరు అనే మాటే తెలిసి ఉండదు.

స్మార్ట్ ఫోనుకు నా కొలబద్ద ఇదే: తయారుచేసినవాడు ఊహించని పనిని, కొన్న తర్వాత, అది నేర్చుకోగలగాలి.

నడుమ నిలిచిన ఫోన్లు

ఈ కొలబద్ద పట్టుకుని వెనక్కి చూస్తే కొన్ని తమాషాలు బయటపడతాయి. 2007లో ఆపిల్ మొదటి ఐఫోను వచ్చినప్పుడు లోకమంతా నోరెళ్ళబెట్టింది. కానీ ఆ మొదటి ఏడాది అందులో ఆపిల్ పెట్టిన ఆప్‌లు తప్ప బయటివాళ్ళు రాసినవి ఎక్కించుకునే దారి కంపెనీ ఇవ్వలేదు. కావాలంటే బ్రౌజరులో తెరుచుకోమంది. 2008 జులైలో ఆప్ స్టోరు తెరిచింది, 500 ఆప్‌లతో. మన కొలబద్ద ప్రకారం ఆ మొదటి ఏడాది ఐఫోను కన్నా, మన నోకియా 6600 కంప్యూటరుకు ఒక అడుగు దగ్గరగా ఉన్నట్టు లెక్క.

పక్కనే బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులు, ఎన్‌కోర్ అనే కంపెనీ ఇంజినీర్లు కలిసి 1999లో ట్రస్టు పెట్టి సింప్యూటర్ అనే చేతి కంప్యూటరు రూపొందించారు. 2001లో నమూనా చూపించారు, 2004లో అమ్మకానికి తెచ్చారు. లినక్స్ మీద నడిచేది, భారతీయ భాషల్లో చదివి వినిపించాలనుకున్నారు. ఊరంతటికీ ఒకటే ఉంటే, ఎవరి కార్డు వాళ్ళు దూర్చి వాడుకోవచ్చన్నది దాని వెనక ఆలోచన. అది బజారులో నిలబడలేదు. కంప్యూటరుగా దానికి లోటు లేదు, చేతుల్లోకి మాత్రం ఫోను రూపంలో వచ్చిందే చేరింది.

ఇక మన ఊళ్ళలో బాగా కనపడిన నడిమి ఫోను జియోఫోను. 2017 జులైలో ప్రకటించారు. తిరిగి వచ్చే 1,500 డిపాజిట్టుకు ఇచ్చారు. అంకెల బటన్లు, రెండున్నర అంగుళాల లోపు తెర, 512 ఎంబీ ర్యామ్, కైఓఎస్ అనే నిర్వహణ వ్యవస్థ. చూపుకు బటన్ల ఫోను. లోపల, ఫైర్‌ఫాక్స్ ఓఎస్ అనే స్మార్ట్ ఫోను వ్యవస్థ నుంచి పుట్టిన రకం. దాని స్టోరులో ఉన్నంతవరకు కొత్త ఆప్‌లు ఎక్కుతాయి. 2018 సెప్టెంబరులో వాట్సాప్ కూడా వచ్చింది. వాట్సాప్ కోసమే ఫోను మార్చాలనుకున్నవాళ్ళు ఆగిపోయారు.

తర్వాతి కథ చూడండి. 2024లో ఆ రకం ఫోన్లలో వాట్సాప్‌ను కొత్తగా దించుకోవడం ఆపేశారు. 2025 వచ్చేసరికి ఉన్నవాళ్ళకూ ఆగిపోయింది. అదే 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన మిత్ర పేరుతో 161 సేవలను వాట్సాప్ మీదికి తెచ్చింది. ఫోనులో చిప్పు అదే, బ్యాటరీ అదే, బటన్లు అరగలేదు. అయినా ఒకరోజు చేతనైన పని మరుసటి రోజు చేతకాలేదు. ఎవరో వచ్చి అట్టల దండ విప్పుకుపోయినట్టు.

మరి మామ ఫోనుతో డబ్బు పంపవచ్చు కదా అంటారు. పంపవచ్చు. 2014 నుంచి దేశమంతటా స్టార్ 99 హ్యాష్ కొట్టి బ్యాంకు పనులు చేసుకునే వీలుంది. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు బటన్ల ఫోన్ల కోసం యూపీఐ 123పే తెచ్చింది, ఒక నంబరుకు ఫోను చేసి బటన్లు నొక్కితే డబ్బు పోతుంది. కానీ అక్కడ లెక్క చేస్తున్నది మామ ఫోను కాదు. దూరాన ఉన్న బ్యాంకు కంప్యూటరు. ఈ ఫోను దాని గుమ్మం ముందు గంట కొట్టి, అడిగిన అంకెలు అందిస్తోంది, అంతే. ఆ పని ఏ బటన్ల ఫోనుకైనా చేతనవుతుంది. అందుకే అది మంచి ఏర్పాటు. కోసిగి నుంచి గుంటూరు వైపు వలస వెళ్ళే మనిషికి, ఒకసారి ఛార్జింగు పెడితే మూడు నాలుగు రోజులు నడిచే ఫోను విలువ తక్కువేమీ కాదు.

అట్టలు కొట్టేదెవరు?

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వచ్చాం. జాకార్డు మగ్గం కొన్న నేతగాడు తనకు నచ్చిన డిజైను గళ్ళ కాగితం మీద గీయించి అట్టలు కొట్టించుకోవచ్చు. పక్క ఊరి నుంచి తెచ్చుకోవచ్చు. తనే కొట్టుకోవచ్చు. అలా కాకుండా, మగ్గం అమ్మినవాడు ఒక తాళం పెట్టి, నా ముద్ర ఉన్న అట్టలైతేనే ఈ మగ్గం తిరుగుతుంది, ముద్ర వేయడానికి ఇంత వాటా ఇవ్వాలి, నచ్చకపోతే వేయను అంటే? మగ్గం మీ ఇంట్లోనే ఉంటుంది. చేతులు మీవే. డిజైను మాత్రం షావుకారుది.

ఈ కాలపు ఫోన్లలో ఇలాంటి తాళాలు రకరకాలుగా ఉన్నాయి. ఫోను ఆన్ అయ్యేటప్పుడు, కంపెనీ సంతకం ఉన్న వ్యవస్థ అయితేనే లేస్తుంది. ఆప్ మీద సంతకం లేకపోతే ఎక్కదు. ఐఫోనులో ఆపిల్ స్టోరు తప్ప వేరే దుకాణం చాలాకాలం లేదు. యూరోపియన్ యూనియన్ చట్టం చేశాక 2024 మార్చి నుంచి అక్కడ వేరే దుకాణాలకు దారి ఇచ్చింది. ఆండ్రాయిడ్ మొదటినుంచీ కొంత ఉదారం. బయటి నుంచి వచ్చిన ఏపీకే అనే ఆప్ ఫైలు కూడా, హెచ్చరిక చూపించి, మీ ఇష్టం అంటుంది. 2025 ఆగస్టులో గూగుల్ కొత్త మాట చెప్పింది: ఆప్ ఎక్కడి నుంచి వచ్చినా, రాసినవాడి గుర్తింపు తమ దగ్గర నమోదై ఉండాలని, 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో మొదలుపెడతామని. గట్టి అభ్యంతరాలు వచ్చాక, తెలిసి తెగించేవాళ్ళకు వేరే దారి ఒకటి ఉంచుతామంది.

ఆదోనిలో సీసీఐ అంటే పత్తే గుర్తొస్తుంది. ఢిల్లీలో ఇంకో సీసీఐ ఉంది, వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందా లేదా చూసే కమిషను. ఆండ్రాయిడ్ మీద పెత్తనాన్ని దుర్వినియోగం చేసిందంటూ అది 2022 అక్టోబరులో గూగుల్‌కు 1,337.76 కోట్ల జరిమానా వేసింది. 2023 మార్చిలో అప్పీలు విన్న ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టింది, కమిషను ఇచ్చిన ఆదేశాల్లో కొన్నిటిని కొట్టేసింది. పత్తి సీసీఐ ఆప్ ఎక్కించుకోమంటుంటే, ఆ ఆప్‌లు అమ్మే దుకాణం ఎవరి గుప్పిట్లో ఉండాలో ఢిల్లీ సీసీఐ తేల్చబోయింది. రెండు సంస్థల పని ఒకే చోట, మన ఫోను తెర మీద, కలుసుకుంటోంది.

తాళం పెట్టేవాళ్ళ వాదన కొట్టిపారేయదగింది కాదు. ఏ పనైనా నేర్చుకునే యంత్రం దొంగ పనీ నేర్చుకుంటుంది. వాట్సాప్ గ్రూపులో పెళ్ళి శుభలేఖ అని ఒక ఏపీకే వస్తుంది. పీఎం కిసాన్ డబ్బులు పడాలంటే ఇది నొక్కండి అని ఇంకోటి వస్తుంది. నొక్కి, అడిగిన అనుమతులన్నీ ఇస్తే, అది మెసేజీలు చదువుతుంది, ఓటీపీలు దొంగిలిస్తుంది, ఖాతా ఊడుస్తుంది. మామ బటన్ల ఫోనుకు ఈ జబ్బు రాదు. అట్టలే మారని మగ్గానికి దొంగ అట్ట తగిలించలేరు మరి. అలాంటిది జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలని ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. ఆ శుభలేఖ తెరవకపోవడం ఇంకా ముందు తెలియాలి.

కాబట్టి తాళం ఉండటం తప్పు కాదు. ఇంటికి తాళం వేసుకుంటాం. తాళంచెవి ఎవరి దగ్గర ఉందన్నదే చూసుకోవాలి. ఇల్లు కొన్నవాడి దగ్గర ఒకటైనా ఉండాలి.

కట్టుకునే బట్ట, నేసే మగ్గం

ఇంకో మెట్టు మిగిలింది. కొత్త ఆప్ ఎక్కించుకోవడం అంటే ఎవరో కొట్టిన అట్టలు తగిలించుకోవడం. పూర్తి కంప్యూటరైతే అట్టలు కొట్టడానికి కూడా అదే పనికిరావాలి.

చాలామందికి తెలియదు గానీ, మన చేతిలోని మామూలు ఆండ్రాయిడ్ ఫోను ఈ పరీక్షలో గెలుస్తుంది. పైథాన్ లాంటి భాషలో రాసి, అక్కడికక్కడే నడిపించుకునే ఉచిత ఆప్‌లు ఉన్నాయి. అంతదూరం పోకున్నా, లెక్కల పట్టిక ఆప్ ఒకటి చాలు.

ఉదాహరణకు నేతింటి పిల్లవాడు ఒకడు పడుగు బరువు లెక్క రాసుకోవాలనుకున్నాడనుకోండి. నూలు నంబరు అంటే ఒక పౌనుకు ఎన్ని చిలపలని. చిలప 840 గజాలు. నలభై నంబరు నూలైతే పౌనుకు 40 చిలపలు, అంటే 33,600 గజాలు. పడుగులో 2,400 పోగులు, పొడవు 50 గజాలైతే మొత్తం 1,20,000 గజాల నూలు. దాన్ని 33,600తో భాగిస్తే మూడున్నర పౌన్లకు కాస్త పైన, అంటే సుమారు 1.62 కిలోలు. ఇంట్లో పెద్దవాళ్ళు ఈ లెక్క చేతివేళ్ళ మీద వేస్తారు. పిల్లవాడు నాలుగు గళ్ళు పెట్టి, ఐదో గడిలో ఈ సూత్రం రాస్తే, ఇక పోగులు మార్చినా, నంబరు మార్చినా బరువు తనంతట వస్తుంది. ఈ ఆప్ ఏ స్టోరులోనూ లేదు. ఎవరి అనుమతీ అడగలేదు. ఎమ్మిగనూరులో ఒక ఇంటికి కావాల్సిన పని, ఆ ఇంటి ఫోనే నేర్చుకుంది.

ఫోను సార్వత్రిక యంత్రంగా పనిచేయడమంటే నా దృష్టిలో ఇది. మనం రోజంతా రీల్స్ చూస్తూ ఉంటే, అంత యంత్రమూ గోడకు తగిలించిన టీవీ పని చేస్తున్నట్టే. మగ్గం కొని దాని మీద బట్టలు ఆరేసుకున్నట్టు.

కొత్త ఫోను కొనేవాళ్ళు అడగాల్సిన ప్రశ్నలు మూడు. కొన్నాక దీంట్లో కొత్త పని ఎక్కుతుందా? ఎక్కేదీ ఎక్కనిదీ ఎవరు తేలుస్తారు, నేనా, కంపెనీనా? దీంట్లో నేను సొంతంగా ఒక పని రాసి నడిపించుకోగలనా? మూడింటికీ మంచి జవాబు వస్తే అది కంప్యూటరు. మొదటిదానికే వస్తే, అట్టలు అద్దెకు తెచ్చుకునే మగ్గం. దేనికీ రాకపోతే సాదా మగ్గం, దాని పని అది నమ్మకంగా చేస్తుంది. ఇంకోటి కూడా అడగండి: ఎన్నేళ్ళు అప్‌డేట్లు ఇస్తారు? అవి ఆగిపోతే, మంచి మగ్గమైనా కొత్త అట్టలు దొరక్క మూలన పడుతుంది.

టీ బంకు దగ్గర మామకు ఇదంతా చెప్పలేదు. నా ఫోనులో కపాస్ కిసాన్ దించి, ఆయన ఫోను నంబరు కొట్టాను. బల్ల మీద ఉన్న బటన్ల ఫోను ట్రింగుమంది. ఓటీపీ దానికే వచ్చింది. మామ రబ్బరు బ్యాండు సర్ది, కళ్ళకు దూరంగా పట్టుకుని, ఒక్కో అంకె చదివాడు. నేను కొట్టాను. ఆధారు, పాసు పుస్తకం వివరాలు అయిపోయాక, "మల్ల ఇది నీ మాట వింటాదా, కంపెనీ మాట వింటాదా?" అని నా ఫోను వైపు గడ్డం చూపించాడు.

"సగం సగం మామా" అన్నాను.

"నాది ఎవురి మాటా వినదులేప్పా" అంటూ తన ఫోను రొండిన దోపుకుని, స్లాటు తేదీ గుర్తుపెట్టుకోవడానికి పాసు పుస్తకం వెనక పేజీ మీద పెన్నుతో రాయించుకున్నాడు.